పీడీఎఫ్ ఉంటే పుస్తకం భద్రమేనా?

2007 నవంబరులో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ఒక ప్రకటన చేసింది. మిలియన్ బుక్ ప్రాజెక్టులో పదిహేను లక్షలకు పైగా పుస్తకాల స్కానింగ్ పూర్తయిందని చెబుతూ భాషలవారీగా లెక్క ఇచ్చింది. చైనీస్ 9,70,000, ఇంగ్లీషు 3,60,000, తెలుగు 50,000, అరబిక్ 40,000. అంత పెద్ద భాషల మధ్యకు తెలుగు ఎలా వచ్చిందన్న అనుమానం ఎవరికైనా రావచ్చు. ప్రాజెక్టును నడిపించిన రాజ్ రెడ్డి, ట్యూరింగ్ అవార్డు అందుకున్న శాస్త్రవేత్త, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. స్కానింగ్ జరిగిన పెద్ద కేంద్రాల్లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఒకటి. ఉస్మానియా యూనివర్సిటీ, హైదరాబాద్ సిటీ సెంట్రల్ లైబ్రరీ లాంటి చోట్ల బీరువాల్లో ఉన్న పుస్తకాలు అలా తెరల మీదికి వచ్చాయి.

పదేళ్లు తిరిగేసరికి ఆ పుస్తకాలు పెట్టిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా (డీఎల్‌ఐ) సైటు తెరుచుకోవడం మానేసింది. ఈరోజు తెలుగువాళ్లు వాట్సాప్ గ్రూపుల్లో పంచుకునే పాత పుస్తకాల పీడీఎఫ్‌లలో చాలావాటికి మూలం ఆనాటి స్కానింగే. కానీ అవి దొరుకుతున్నది ఆ సైటులో కాదు. స్కాన్ చేయడం ఒక పని, చేసినదాన్ని నిలబెట్టుకోవడం ఇంకో పని. మొదటిదానికి బడ్జెట్ వస్తుంది, ప్రారంభోత్సవం జరుగుతుంది, పేపర్లో ఫొటో పడుతుంది. రెండోదానికి ప్రతి నెలా కరెంటు బిల్లు వస్తుంది. మన దగ్గర తేడా అక్కడే కొడుతోంది.

ముందు స్కాన్ల సంగతి. డీఎల్‌ఐ పేజీలు ఎక్కువగా 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన, నలుపు తెలుపుల్లో తీసినవి. ఇక్కడ నలుపు తెలుపు అంటే పాత సినిమాల్లో కనిపించే బూడిద ఛాయలు కూడా ఉండవు. పేజీ మీద ప్రతి చుక్కా పూర్తి నలుపైనా కావాలి, పూర్తి తెలుపైనా కావాలి. ఆనాటి ధరలకు అది తప్పనిసరి ఎంపిక. డెమీ సైజు పేజీని 400 డీపీఐలో రంగుల్లో తీసి కుదించకుండా ఉంచితే ఒక్కో ఫైలు సుమారు 22 ఎంబీ ఉంటుంది. రెండొందల పేజీల పుస్తకానికి నాలుగున్నర జీబీ. అలాంటివి యాభై వేలు అంటే 225 టీబీ. అప్పట్లో ఇంట్లో కంప్యూటర్‌కు 40 జీబీ డిస్కు ఉంటే గొప్ప. అదే పేజీని నలుపు తెలుపుల్లో తీసి, ఫ్యాక్స్ మిషన్లు వాడే పద్ధతిలో కుదిస్తే వంద కేబీ దగ్గర తేలిపోతుంది.

ఇంగ్లీషు పేజీ ఈ కోతను తట్టుకుంటుంది. తెలుగు పేజీకి దెబ్బ గట్టిగానే తగులుతుంది. ఠ లో చుక్క ఎగిరిపోతే ర మిగులుతుంది. థ లో చుక్క పోతే ధ. అరసున్నల సంగతి సరేసరి. 1930ల నాటి చవక కాగితం ఈపాటికి గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. ఆ రంగును తెలుపు కింద లెక్కేయాలా, నలుపు కిందా అన్నది స్కానర్‌లో ఒక సెట్టింగు తేలుస్తుంది. అది కాస్త ఎక్కువైతే చెమ్మ మరకలన్నీ నల్లగా పేరుకుని అక్షరాలను మింగేస్తాయి. తక్కువైతే సన్నటి గీతలు, ఒత్తుల తోకలు మాయమవుతాయి. రోజుకు ఇన్ని వేల పేజీలు తేల్చాలన్న లెక్క మీద నడిచే చోట ప్రతి పుస్తకానికీ సెట్టింగు మార్చే తీరిక ఎవరికుంటుంది? పేజీ మూల మడత పడి చివరి పాదం కనబడకపోయినా, రెండు పేజీలు ఒకేసారి తిరిగిపోయినా గమనించేవాళ్లు తక్కువ. పాత కావ్యం ప్రతులు ముందేసుకుని పాఠం తేల్చాలనుకున్న పండితుడికి ఇలాంటి స్కాన్ సగమే పనికొస్తుంది. ఆ పేజీలను ఓసీఆర్‌తో వెతకడానికి వీలైన అక్షరాలుగా మార్చబోతే తప్పులు ఇంకా పెరుగుతాయి.

అందుకే స్కాన్ అయింది కదా అని అసలు పుస్తకాన్ని తూకానికి వేయడం కంటే తెలివితక్కువ పని లేదు. ఇరవై ఏళ్ల కిందటి స్కానర్‌కు కనిపించనిది ఇవాళ్టి కెమెరాకు కనిపిస్తుంది. కాగితం మిగిలి ఉంటేనే ఆ అవకాశం. కాగితానికీ గ్యారంటీ లేదు, నిజమే. 2000 ఆగస్టు వరదల్లో హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలోకి నీళ్లొచ్చి వేలాది పుస్తకాలు తడిసిపోయాయి. రెండూ ఉండాలి, రెండు చోట్ల ఉండాలి.

స్కాన్ బాగా వచ్చినా పేరు సరిగా ఎక్కకపోతే ఆ పుస్తకం దొరకదు. డీఎల్‌ఐలో తెలుగు పుస్తకాల పేర్లు, రచయితల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. కథ అన్న రెండక్షరాల మాటలో థ కోసం ఒకరు టీ పక్కన హెచ్ కొడతారు, మరొకరు డీ పక్కన హెచ్ కొడతారు. దీర్ఘానికి ఒకరు రెండు ఏలు పెడతారు, ఇంకొకరు ఒకటితో సరిపెడతారు. రమ, రామ ఒకటైపోతాయి. ల, ళ తేడా పోతుంది. దానికి తోడు పేరు సగంలో తెగిపోవడం, సంపాదకుడి పేరు రచయిత గడిలో పడటం, సంవత్సరం గడి ఖాళీగా ఉండటం. పాసుపుస్తకంలో పేరు తప్పు పడ్డ రైతుకు తన పొలం మీద అప్పు పుట్టనట్టే, ఎంత మంచి పుస్తకమైనా ఇలా నమోదైతే చదివేవాడి దాకా రాదు.

దీన్ని బాగుచేసింది ఏ సంస్థో కాదు. తెలుగు వికీపీడియాలో పనిచేసే ఔత్సాహికులు డీఎల్‌ఐలోని తెలుగు పుస్తకాల జాబితాను దగ్గర పెట్టుకుని, ఒక్కొక్కటే తెరిచి చూసి, పేర్లను తెలుగు లిపిలో అక్షర క్రమంలో రాసుకుంటూ పోయారు. జీతం లేని పని. కళ్లు కాయలు కాసే పని. డిజిటల్ టెక్నాలజీ మీద జరిగే సభల్లో కృత్రిమ మేధ గురించి గంటలు మాట్లాడతారు గానీ కేటలాగ్ తయారుచేసేవాడి మాట ఎత్తరు.

ఇక సైటు పోయాక జరిగింది. పబ్లిక్ రిసోర్స్ అనే అమెరికా సంస్థను నడిపే కార్ల్ మాలమూద్, డీఎల్‌ఐ పుస్తకాలు నాలుగు లక్షలకు పైగా ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలోకి చేర్చారు. అంతకుముందు నుంచే కొందరు పాఠకులు పేజీ పేజీగా దింపి పీడీఎఫ్‌లు కుట్టుకునే చిన్న ప్రోగ్రాములు వాడుతూ ఇళ్లలో దాచుకున్నారు. ఈ పుస్తకాలు బతికి బట్టకట్టాయంటే కారణం ప్రభుత్వ ప్రణాళిక కాదు, ఇలాంటివాళ్ల అనుమానం. ఎప్పుడైనా పోవచ్చు అనుకున్నవాళ్లే కాపీ చేసుకున్నారు.

ఇప్పుడు బరువంతా ఇంటర్నెట్ ఆర్కైవ్ మీదికి చేరింది. అది శాన్ ఫ్రాన్సిస్కోలో ఉన్న లాభాపేక్ష లేని సంస్థ. 2024 అక్టోబరులో దాని మీద సైబర్ దాడి జరిగి కొన్ని రోజులపాటు సైటు మూతపడింది, మూడు కోట్లకు పైగా ఖాతాల వివరాలు బయటికి పోయాయి. అదే ఏడాది సెప్టెంబరులో, స్కాన్ చేసిన పుస్తకాలను అరువిచ్చే విధానం మీద పెద్ద ప్రచురణ సంస్థలు వేసిన కేసులో అప్పీలు కోర్టులోనూ ఓడిపోయింది. తెలుగు పుస్తకాలకూ ఆ కేసుకూ నేరుగా సంబంధం లేదు. అయినా గురజాడ, వీరేశలింగం కాలం నాటి మన ముద్రణ సంపద మరో ఖండంలోని ఒక్క సంస్థ ఆరోగ్యం మీద ఆధారపడటం ఎంతవరకు సబబు? పేరున్న జాతీయ సంస్థలకే దిక్కులేని రోజులివి. బ్రిటిష్ లైబ్రరీ మీద 2023 అక్టోబరులో రాన్సమ్‌వేర్ దాడి (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే దాడి) జరిగితే ఆన్‌లైన్ కేటలాగ్ మళ్లీ కంటికి కనబడటానికి 2024 జనవరి దాకా పట్టింది. దక్షిణ కొరియాలో 2025 సెప్టెంబరులో ప్రభుత్వ డేటా సెంటర్‌లో నిప్పంటుకుంటే, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ డ్రైవ్ కాలిపోయింది. 858 టీబీ. బయట బ్యాకప్ లేదు.

ఆర్కైవుల వాళ్లు దీనికి చెప్పే మందు కొత్తదేమీ కాదు. కనీసం మూడు కాపీలు ఉండాలి, అవి రెండు రకాల మాధ్యమాల మీద ఉండాలి, ఒకటైనా వేరే ఊళ్లో ఉండాలి. దీనికి ఇంకో షరతు కలవాలి: కాపీలు చెడిపోయాయో లేదో ఎప్పటికప్పుడు చూసుకోవాలి. డిస్కులో ఫైలు పేరు కనిపించినంత మాత్రాన లోపల సరుకు ఉన్నట్టు కాదు. అందుకే ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ అనే వేలిముద్ర తీసి పెడతారు. షా-256 పద్ధతిలో అది అరవై నాలుగు అక్షరాల వరస. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ వరస పూర్తిగా మారిపోతుంది. ఆర్నెల్లకోసారి మళ్లీ తీసి పాతదానితో పోల్చి, తేడా వస్తే రెండో కాపీ నుంచి బాగుచేస్తారు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో 1999లో మొదలైన లాక్స్ అనే పద్ధతి ఈ పనిని లైబ్రరీల మధ్య పంచింది. ఒక్కో లైబ్రరీ ఒక కాపీ ఉంచుకుంటుంది. వాటి కంప్యూటర్లు తమ ప్రతులను పోల్చుకుంటూ, పాడైనదాన్ని పక్కవాళ్ల దగ్గర్నుంచి సరిచేసుకుంటాయి.

ఇది మన వల్ల కాదా? మళ్లీ లెక్కలోకి వెళదాం. నలుపు తెలుపుల పేజీ వంద కేబీ, పుస్తకం రెండొందల పేజీలు అనుకుంటే ఒక పుస్తకం 20 ఎంబీ. యాభై వేల పుస్తకాలు కలిపి ఒక టీబీ. పేజీలు ఎక్కువున్న పుస్తకాలు, పాడైన ఫైళ్లు అన్నీ కలుపుకుని నాలుగు రెట్లు వేసుకున్నా నాలుగు టీబీ. కోఠీలోనో, బీసెంట్ రోడ్డులోనో కొనే ఒక్క హార్డ్‌డిస్కులో ఇమిడే సరుకు. కాపీరైట్ తీరిపోయిన వాటినన్నా ప్రతి జిల్లా గ్రంథాలయ సంస్థకూ ఒక ప్రతి ఇచ్చి, ఏడాదికోసారి చెక్‌సమ్‌లు సరిచూసే బాధ్యత ఒకరికి అప్పగిస్తే అయ్యే ఖర్చు ఎంత? ఒక వార్షికోత్సవ సభ ఖర్చు కూడా కాదు. డిస్కు లేక ఆగలేదు ఈ పని. ఎవరిది అన్నది తేలక ఆగింది.

ఇంతవరకు చెప్పుకున్నది పాత పుస్తకాల గురించి. అసలు ప్రమాదంలో ఉన్నవి అవి కావు. 1920 నాటి పుస్తకానికి ఎన్ని లోపాలున్నా ఒక స్కాన్ ఉంది. 1998లో విజయవాడలో అచ్చైన కవిత్వ సంపుటికి అది కూడా లేదు. పుట్టడమే కంప్యూటర్‌లో పుట్టిన పుస్తకానికి కంప్యూటర్‌లో ఆనవాలు లేకపోవడం విడ్డూరంగా ఉంటుంది గానీ, ఆనాటి పని ఎలా జరిగేదో చూస్తే అర్థమవుతుంది.

1990ల్లో సీసం అక్షరాలు పోయి డీటీపీ, అంటే కంప్యూటర్‌లోనే పేజీలు తయారుచేసే పద్ధతి, వచ్చింది. పేజ్‌మేకర్‌లో పేజీ కట్టడం, అను, శ్రీలిపి లాంటి సాఫ్ట్‌వేర్లతో తెలుగు కొట్టడం. ఆ ఫాంట్ల కిటుకు ఏమిటంటే, కంప్యూటర్ దృష్టిలో అక్కడ తెలుగే లేదు. ఇంగ్లీషు, యూరప్ భాషల అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు: తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒత్తు మరో ముక్క. ఫాంట్ ఉన్నంతసేపూ చక్కటి తెలుగు. ఫాంట్ తీసేసి అదే ఫైలు తెరిస్తే డాలరు గుర్తులు, నెత్తిన కొమ్ములున్న ఫ్రెంచి అక్షరాలు, కొటేషన్ మార్కులు, మధ్యలో ఎక్కడో ఒక అంకె. ఒక కంపెనీ ఫాంట్‌లో గుడి ఉన్నచోట ఇంకో కంపెనీ ఫాంట్‌లో ఒత్తు ఉంటుంది. ఒకే కంపెనీలో కూడా వెర్షన్ మారితే అంతే.

ఆ ఫైలు తెరవాలంటే ఇవన్నీ ఒకచోట చేరాలి: పేజ్‌మేకర్, అప్పటి ఫాంట్లు, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్, కొన్నిటికైతే కంప్యూటర్‌కు తగిలించే తాళంచెవి లాంటి డాంగిల్, ఇవన్నీ ఒప్పుకునే పాత విండోస్. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. దాని స్థానంలో అడోబీ తెచ్చిన ఇన్‌డిజైన్ ఇప్పటి వెర్షన్లు ఆ ఫైళ్లను నేరుగా తెరవవు. పీడీఎఫ్ చేసి పెట్టుకోవచ్చు కదా అంటే, అప్పట్లో ఆ అవసరమే ఉండేది కాదు. లేజర్ ప్రింటర్ మీద ట్రేసింగ్ పేపర్ ప్రింట్లు తీసి ఆఫ్‌సెట్ ప్రెస్‌కు పంపేవాళ్లు. పుస్తకం అచ్చయ్యాక ఆ ట్రేసింగ్‌లు చెత్తబుట్టకు, ఫైలు ఫ్లాపీకో సీడీకో వెళ్లేవి. రచయితకు చేతికందేది ఐదొందలో వెయ్యో ప్రతులు మాత్రమే. డీటీపీ సెంటర్ మూతపడ్డ రోజున హార్డ్‌డిస్కు కంప్యూటర్‌తో సహా పాత సామాన్లవాడి బండెక్కింది.

అన్ని భాషల అక్షరాలకూ వేటికవి విడి స్థానాలిచ్చే ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటూ వచ్చింది. కానీ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు, పుస్తకానికి పనికొచ్చే అందమైన యూనికోడ్ ఫాంట్లు చాలా ఏళ్లు రాలేదు. అందుకని ఇంటర్నెట్‌లో తెలుగు యూనికోడ్‌కు మారిపోయాక కూడా ప్రెస్సుల్లో తెలుగు అను దగ్గరే ఉండిపోయింది. ఇప్పటికీ పూర్తిగా బయటపడలేదు. పాత ఫైళ్లను మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి, కానీ నూటికి నూరుపాళ్లు కాదు. యూనికోడ్ అక్షరాలను పలికే వరసలో దాచుకుంటుంది, పాత ఫాంట్లు కంటికి కనిపించే వరసలో పేర్చుకున్నాయి. సంయుక్తాక్షరాలు వచ్చిన చోటల్లా కన్వర్టర్ తడబడుతుంది. మార్చిన ప్రతిని అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని ఒక మనిషి చదవాల్సిందే.

ఇక కాపీరైట్. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన తర్వాతి ఏడాది మొదలు అరవై ఏళ్లు హక్కులు ఉంటాయి. 1979లో పోయిన చలం రచనలకు 2039 చివరి దాకా, 1983లో పోయిన శ్రీశ్రీ రచనలకు 2043 చివరి దాకా. వీళ్ల పుస్తకాలు మళ్లీ మళ్లీ అచ్చవుతూనే ఉన్నాయి, దిగుల్లేదు. ఒక్క ముద్రణతో ఆగిపోయిన రచయిత 2005లో పోయారనుకుంటే 2065 దాకా ఎవరూ ముట్టుకోరు. వారసులు ఎవరో తెలియదు, తెలిసినా ఒకరు విశాఖలో, ఒకరు డాలస్‌లో. అయితే చట్టం మరీ చేతులు కట్టేయలేదు. 2012 సవరణతో చేరిన 52(1)(ఎన్) సెక్షన్ ప్రకారం, లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన దగ్గర అచ్చు ప్రతి ఉన్న పుస్తకాన్ని భద్రపరచుకోవడానికి డిజిటల్ రూపంలో దాచుకోవచ్చు. జనానికి ఆన్‌లైన్‌లో పెట్టేయమని కాదు, దాచుకోవడం వరకు. చాలా లైబ్రరీలు కాపీరైట్ అన్న మాట వినగానే వెనక్కి తగ్గుతాయి గానీ, ఈ వెసులుబాటు దాచుకునే పనికి చాలు.

వెబ్ మీద పుట్టిన తెలుగుది మరో కథ. 1990ల్లో అమెరికాలోని తెలుగు విద్యార్థులు న్యూస్‌గ్రూపుల్లో ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకున్నారు, ఛందస్సు మీద కూడా వాదులాడుకున్నారు. తర్వాత యాహూ గ్రూపులు, ఆర్కుట్. ఆర్కుట్ 2014 సెప్టెంబరులో మూతపడింది, యాహూ 2020లో గ్రూపులు మొత్తంగా ఎత్తేసింది. దినపత్రికల తొలినాటి వెబ్‌సైట్లు ఎవరి ఫాంట్ వాళ్లది అన్నట్టు నడిచాయి కాబట్టి, వాటి పాత పేజీలు అక్కడక్కడా దొరికినా గజిబిజి అక్షరాలే. దీనికి భిన్నంగా 1998లో మొదలైన ఈమాట పత్రిక పాత సంచికలను ఈనాటికీ మామూలు తెలుగులో చదువుకోవచ్చు. సాంకేతికత మారినప్పుడల్లా వెనకటి సంచికలను కూడా ముందుకు మోసుకొచ్చే మనుషులు అక్కడ ఉన్నారు.

చట్టం వీటిలో దేన్నీ పట్టించుకోదు. 1954 నాటి పుస్తకాల సమర్పణ చట్టం ప్రచురణకర్త ప్రతి పుస్తకాన్నీ కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరాతో పాటు మరో రెండు గ్రంథాలయాలకూ పంపాలంటుంది. అది అచ్చు ప్రతుల కోసం రాసిన చట్టం, అచ్చు ఫైలు ఊసు అందులో లేదు. చిన్న ప్రచురణకర్తలు అచ్చు ప్రతులైనా క్రమం తప్పకుండా పంపుతున్నారా అంటే నవ్వొస్తుంది.

కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి. ఇప్పుడు పుస్తకం వేస్తున్నవాళ్లు ప్రెస్‌కు పంపే ఫైలుతో పాటు, ఫాంట్లు లోపలే ఇమిడి ఉండే పీడీఎఫ్/ఏ ప్రతి ఒకటి, యూనికోడ్ టెక్స్ట్ ఒకటి డీటీపీ సెంటర్ దగ్గర అడిగి తీసుకోవచ్చు. ఎక్కువ ఖర్చు కాదు, అడగాలని తెలియకపోవడమే సమస్య. ఫైలు పేరులో పుస్తకం పేరు, రచయిత, సంవత్సరం ఉంటే మేలు. చాలా హార్డ్‌డిస్కుల్లో ఇప్పటికీ 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'ఫైనల్ లాస్ట్ కరెక్షన్స్' అని మూడు ఉంటాయి, అచ్చైంది ఏదో ఎవరికీ తెలియదు. ఇక 1990ల ఫైళ్ల విషయంలో తొందరపడాల్సింది సీడీల గురించి. ఇంట్లో రాసుకునే సీడీల్లో డేటా నిలిచేది ఒక రంగు పూత మీద. ఎండ, వేడి తగిలిన కొద్దీ ఆ పూత మసకబారుతుంది. పేజ్‌మేకర్ కోసం పాత కంప్యూటర్ తర్వాత వెతుక్కోవచ్చు, ఫాంట్ కోడ్ తెలిసిన ఆపరేటర్లూ ఇంకా పనిచేస్తున్నారు. సీడీలో ఉన్నదాన్ని ఉన్నదున్నట్టుగా హార్డ్‌డిస్కులోకి దింపడం మాత్రం ముందు జరగాలి.